ఫ్రీ బస్సు లెక్కని మోడల్‌లో వేయడం ఎలా: పాలసీ సిమ్యులేషన్ మొదటి నుంచి చివరి దాకా

ఫ్రీ బస్సు మీద ఎక్కడ చర్చ జరిగినా రెండు గుంపులే కనిపిస్తాయి. ఒకళ్ళు ఖజానా గుల్ల అయిపోతోంది అంటారు, ఇంకొకళ్ళు ఆడవాళ్ళకి ఇన్ని కోట్లు మిగిలాయి అంటారు, తమాషా ఏంటంటే ఇద్దరూ చూపించేది ఒకటే అంకె, గవర్నమెంట్ ఆర్టీసీకి కట్టే రీయింబర్స్‌మెంట్ బిల్లు. ఆ బిల్లు అసలు ఖర్చు కాదు, అసలు లాభమూ కాదు. మరి అసలు ఖర్చెంత, లాభమెంత, ఎవరికెంత అని తేల్చడానికే ఎకనామిస్టులు సిమ్యులేషన్ మోడల్ కడతారు, అది ఎలా కడతారో ఈ ఒక్క స్కీమ్ పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. ఎకనామిక్స్ పీజీ చేస్తున్నవాళ్ళు, ఏదైనా డిపార్ట్‌మెంట్‌లో అనలిస్ట్‌గా కొత్తగా చేరినవాళ్ళు, డేటా అంటే ఇష్టం ఉన్న జర్నలిస్టులు ఎవరైనా చేసుకోవచ్చు, లాప్‌టాప్‌లో ఆర్ (R) గానీ పైథాన్ గానీ ఉంటే చాలు, కొన్ని స్టెప్పులకి ఎక్సెల్ అయినా సరిపోతుంది.

బ్యాక్‌గ్రౌండ్ రెండు ముక్కల్లో: తెలంగాణలో మహాలక్ష్మి కింద 2023 డిసెంబర్ 9న ఆడవాళ్ళకి ఫ్రీ బస్సు మొదలైంది, పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్, హైదరాబాద్‌లో సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్. ఆంధ్రలో స్త్రీ శక్తి పేరుతో 2025 ఆగస్ట్ 15న మొదలైంది, పల్లెవెలుగు, అల్ట్రా పల్లెవెలుగు, సిటీ ఆర్డినరీ, మెట్రో ఎక్స్‌ప్రెస్, ఎక్స్‌ప్రెస్ అని ఐదు రకాల బస్సుల్లో. పక్క రాష్ట్రం మనకంటే ఇరవై నెలల ముందు మొదలుపెట్టడం మోడల్ కట్టేవాడికి బంగారం లాంటి విషయం, ఎందుకో తర్వాత వస్తుంది.

స్టెప్ 1: ప్రశ్న ఒక కాగితం మీద రాయండి

ఇది చాలామంది వదిలేస్తారు, నేరుగా డేటా డౌన్‌లోడ్‌కి వెళ్ళిపోతారు. ఫ్రీ బస్సు మంచిదా కాదా అనేది మోడల్ జవాబు చెప్పగలిగే ప్రశ్న కాదు. ఎవరు అడుగుతున్నారు, ఏ నిర్ణయం కోసం అడుగుతున్నారు అనేది ముందు తేలాలి. ఫైనాన్స్ వాళ్ళకి కావాల్సింది వచ్చే సంవత్సరం బడ్జెట్‌లో ఎంత పెట్టాలి అని, ఆర్టీసీకి కావాల్సింది ఏ డిపోకి ఎన్ని కొత్త బస్సులు వేయాలి అని, మహిళా సంక్షేమం వాళ్ళకి కావాల్సింది ఈ డబ్బు పేదింటికి చేరుతోందా లేకపోతే బస్సు సౌకర్యం ఉన్న టౌన్లవాళ్ళకే పోతోందా అని. మూడింటికీ ఒకే మోడల్ పనికొస్తుంది గానీ మూడింటికీ బయటికి తీసే అంకెలు వేరు, పైగా ఒకదాని అంకె తీసుకెళ్ళి ఇంకోదాని జవాబుగా చెప్పడం వల్లే సగం గొడవలు.

అదే కాగితం మీద ఇంకో లైన్ కూడా రాయండి, దేనితో పోలుస్తున్నాం అని. స్కీమ్ ముందు, స్కీమ్ తర్వాత అని పోల్చకూడదు, స్కీమ్ ఉంటే, స్కీమ్ లేకుండా ఉంటే అని పోల్చాలి. ఆగస్ట్ 15 అంటే శ్రావణ మాసం, పెళ్ళిళ్ళు, వ్రతాలు, ఆ వెనకే వినాయక చవితి, దసరా. ఫ్రీ లేకపోయినా ఆ రెండు మూడు నెలలు బస్సుల్లో జనం పెరుగుతారు. జూలై తీసుకుని సెప్టెంబర్‌తో పోలిస్తే పండగ రష్ అంతా స్కీమ్ ఖాతాలో పడిపోతుంది.

స్టెప్ 2: మోడల్ రకం ఎంచుకోవడం

పేర్లు చాలా ఉన్నాయి గానీ ఇక్కడ కావాల్సింది మైక్రోసిమ్యులేషన్. 1957లో గై ఆర్కట్ అనే అమెరికన్ ఎకనామిస్ట్ మొదలుపెట్టిన ఆలోచన ఇది, రాష్ట్రం మొత్తానికి ఒక సగటు మనిషిని ఊహించుకునే బదులు నిజంగా సర్వేలో దొరికిన వేల కుటుంబాలని ఒక్కొక్కటిగా తీసుకుని, ఒక్కొక్క కుటుంబానికీ రూల్ అప్లై చేసి, చివర్లో అన్నీ కూడటం. ట్యాక్స్, పెన్షన్ లెక్కలకి చాలా దేశాల్లో వాడేది ఇదే. మొత్తం ఎకానమీని ఈక్వేషన్లలో పెట్టే సీజీఈ లాంటి పెద్ద మోడల్స్ ఫ్రీ బస్సుకి అక్కర్లేదు, అవి జీఎస్టీ రేట్లు మారినప్పుడో, ఇంపోర్ట్ డ్యూటీ మారినప్పుడో పనికొస్తాయి. కాంప్లికేటెడ్ మోడల్ చూపిస్తే మర్యాద ఎక్కువ దొరుకుతుందని కొంతమంది అదే కడతారు, ఆ తర్వాత అందులో ఏ అంకె ఎక్కడి నుంచి వచ్చిందో వాళ్ళకే తెలీదు.

స్టెప్ 3: డేటా

ముఖ్యమైన డేటా హెచ్‌సీఈఎస్, అంటే కుటుంబాల వినియోగ ఖర్చుల సర్వే, కేంద్ర గణాంక శాఖ చేస్తుంది, యూనిట్ లెవెల్ డేటా, అంటే ఒక్కో కుటుంబం వివరాలు విడివిడిగా, వాళ్ళ మైక్రోడేటా పోర్టల్‌లో ఫ్రీగా దొరుకుతుంది. ఈమధ్య రెండు రౌండ్లు వచ్చాయి, 2022 ఆగస్ట్ నుంచి 2023 జూలై దాకా ఒకటి, 2023 ఆగస్ట్ నుంచి 2024 జూలై దాకా ఇంకొకటి. మొదటి రౌండ్‌లోనే దేశం మొత్తం మీద 2,61,746 కుటుంబాలు ఉన్నాయి. ఒక్కో ఇంటికీ మూడు నెలల్లో మూడుసార్లు వెళ్ళి తిండి, సేవలు, వస్తువులు అని మూడు ప్రశ్నాపత్రాల్లో అడిగారు, బస్సు చార్జీలు సేవల ప్రశ్నాపత్రంలో దొరుకుతాయి, ఆటో, ట్యాక్సీ ఖర్చు వేరే ఐటెమ్‌గా ఉంటుంది కాబట్టి బస్సుకీ ఆటోకీ మధ్య మార్పు కూడా చూడొచ్చు.

డేటా లోడ్ చేయగానే ఉత్సాహంగా ముందుకి పోవద్దు, ముందు వెయిట్లు (సర్వేలోని ఒక్కో కుటుంబం బయట ఎన్ని కుటుంబాలకి ప్రతినిధో చెప్పే అంకెలు, మల్టిప్లయర్ అన్నా అదే) పెట్టి పబ్లిష్ అయిన అంకెలు మీకూ వస్తున్నాయా చూసుకోండి. 2022-23లో తలసరి నెల ఖర్చు ఆంధ్ర పల్లెల్లో 4,870, టౌన్లలో 6,782, తెలంగాణ పల్లెల్లో 4,802, టౌన్లలో 8,158. మీ కోడ్‌లో ఇవి రాకపోతే ఎక్కడో మల్టిప్లయర్ తప్పు వేశారు, లేదా కుటుంబం వెయిట్‌ని మనుషుల సంఖ్యతో గుణించడం మర్చిపోయారు, లేదా మూడు ప్రశ్నాపత్రాల్లో కుటుంబ సైజు కొంచెం తేడాగా ఉండటాన్ని పట్టించుకోలేదు. ఇది మ్యాచ్ అయ్యే దాకా ఇంకో లైన్ కోడ్ రాయొద్దు.

ఇప్పుడు అసలు తలనొప్పి. ఈ సర్వేలో బస్సు ఖర్చు ఇంటి మొత్తానికి కలిపి ఉంటుంది, అందులో ఆడవాళ్ళ టికెట్లు ఎన్ని, మగవాళ్ళవి ఎన్ని అనేది ఉండదు. ఇంట్లో నలుగురుంటే ఇద్దరు ఆడవాళ్ళు కాబట్టి సగం అని వేసేస్తే తప్పు, ఎందుకంటే ఉద్యోగానికి రోజూ వెళ్ళేది మన దగ్గర ఎక్కువ మగవాళ్ళు, వాళ్ళలో చాలామందికి బైక్ ఉంటుంది, బస్సు ఎక్కేది ఆడవాళ్ళు, ముసలివాళ్ళు, స్టూడెంట్స్. దీన్ని విడగొట్టడానికి మూడు దారులున్నాయి. 2011 జనగణనలో బి-28 అనే టేబుల్ ఉంది, పనికి వెళ్ళేవాళ్ళు ఎంత దూరం, ఏ వాహనంలో వెళ్తారు అనేది ఆడ మగ విడివిడిగా దొరుకుతుంది, పాతదే గానీ వేరే దిక్కు లేదు, కొత్త జనగణన 2027లో. రెండోది టైమ్ యూజ్ సర్వే, 2019, 2024 రెండూ ఉన్నాయి, ఎవరు ప్రయాణాల మీద ఎంత టైమ్ గడిపారో చెప్తుంది. మూడోది అన్నిటికన్నా మంచిది, డిపోల్లో స్కీమ్ ముందు చేసిన ప్యాసింజర్ కౌంట్, దొరికితే అదృష్టమే. ఏదీ పూర్తిగా నమ్మదగ్గది కాదు కాబట్టి ఆడవాళ్ళ వాటాని ఒక అంకెగా కాకుండా ఒక రేంజ్‌గా పెట్టుకోండి, స్టెప్ 9లో అది పనికొస్తుంది.

ఇంకో రెండు విషయాలు మర్చిపోకండి. స్టూడెంట్ పాస్, దివ్యాంగుల పాస్ ఉన్నవాళ్ళు ముందే తక్కువ కట్టేవాళ్ళు, వాళ్ళకి పూర్తి చార్జీ మిగిలినట్టు లెక్కేయకూడదు. అలాగే బస్సే రాని ఊళ్ళు ఉన్నాయి, పాడేరు మన్యంలోనో, ఆదిలాబాద్ లోపలి గూడేల్లోనో ఫ్రీ అన్నా ఎక్కడానికి బస్సు ఉండాలి కదా. మిషన్ అంత్యోదయ సర్వేలో ఊరివారీగా పబ్లిక్ ట్రాన్స్‌పోర్ట్ ఉందా లేదా అనే వివరం ఉంటుంది, దాంతో ప్రతి జిల్లాలో ఎంతమందికి బస్సు అందుబాటులో లేదో అంచనా వేసి ఆ మేరకు లాభం సున్నా అని పెట్టాలి. మోడల్‌లో పేదవాళ్ళ వాటా ఒక్కసారిగా పడిపోయేది ఇక్కడే.

స్టెప్ 4: అంకెల్ని ఈ రోజుకి తీసుకురావడం

సర్వే 2022-23ది, పాలసీ 2025ది. ఖర్చులన్నీ ధరల సూచీతో పెంచాలి, బస్సు చార్జీని మాత్రం సూచీతో కాకుండా ఆర్టీసీ నిజంగా పెంచిన చార్జీలతో పెంచాలి. జనాభాని 2011-2036 ప్రొజెక్షన్స్ రిపోర్ట్‌లోని రాష్ట్రాల అంకెలకి సరిపోయేలా వెయిట్లు సర్దాలి. విసుగు పని, కానీ అరపూటలో అయిపోతుంది.

స్టెప్ 5: ఎవరూ ఏమీ మార్చుకోలేదు అనుకుని ఒక రన్

ముందు స్టాటిక్ రన్ చేయండి, అంటే ఆడవాళ్ళు నిన్న ఎన్ని ట్రిప్పులు తిరిగారో ఇవాళా అన్నే తిరుగుతారు, టికెట్ డబ్బులు మాత్రం మిగులుతాయి. ఇంటి బస్సు ఖర్చులో ఆడవాళ్ళ వాటా, అందులో ఫ్రీ సర్వీసుల వాటా తీసుకుంటే, ఎందుకంటే సూపర్ లగ్జరీకి ఫ్రీ లేదు, అది ఆ ఇంటి పొదుపు. మనుషుల్ని తలసరి ఖర్చు ప్రకారం పది భాగాలుగా చేసి ఏ భాగానికి ఎంత పడుతోందో ఒక టేబుల్ తీయండి. రెండు రకాలుగా తీయండి, రూపాయల్లో ఒకటి, ఆ ఇంటి ఖర్చులో శాతంగా ఒకటి. రూపాయల్లో చూస్తే మధ్యలో ఉన్నవాళ్ళకి ఎక్కువ కనిపించొచ్చు, శాతంలో చూస్తే కింద ఉన్నవాళ్ళకి ఎక్కువ కనిపించొచ్చు, రెండిట్లో ఏది పత్రికలకి వెళ్తుందో అది అప్పటి రాజకీయాన్ని బట్టి ఉంటుంది, మీరు మాత్రం రెండూ పక్కపక్కనే పెట్టండి.

స్టెప్ 6: మనుషులు మారతారు, అసలు కథ ఇక్కడే

టికెట్ లేదంటే ప్రయాణాలు పెరుగుతాయి, ఎంత పెరుగుతాయి అనేదే మొత్తం మోడల్‌కి ఆయువుపట్టు. దీనికి వాడేది ఎలాస్టిసిటీ, చార్జీ 1 శాతం మారితే ప్రయాణాలు ఎంత శాతం మారతాయి అని. బ్రిటన్‌లో 2004లో వచ్చిన పెద్ద రివ్యూలో బస్సులకి షార్ట్ రన్‌లో మైనస్ 0.4 దగ్గర, లాంగ్ రన్‌లో మైనస్ 1.0 దగ్గర అని తేల్చారు, ట్రాన్స్‌పోర్ట్ ప్లానింగ్ వాళ్ళు దశాబ్దాలుగా నోటి లెక్కకి వాడే అంకె మైనస్ 0.3. సరే 0.4 తీసుకుందాం అనుకోండి, మీరు హాయిగా ఫార్ములాలో వేశారు, ఏం వస్తుంది?

పాఠ్యపుస్తకాల్లో ఎక్కువగా ఉండే స్థిర ఎలాస్టిసిటీ ఫార్ములాలో చార్జీ సున్నా అని వేస్తే ప్రయాణాలు అనంతం అవుతాయి. రాష్ట్రంలోని ఆడవాళ్ళందరూ రోజంతా బస్సుల్లోనే ఉంటారన్నమాట. నవ్వొస్తుంది గానీ దీన్ని తప్పించుకోవడానికి చార్జీని సున్నా కాకుండా 1 రూపాయి అనో 10 పైసలు అనో వేసి తమకి నచ్చిన అంకె వచ్చే దాకా లాగేవాళ్ళు ఉన్నారు. సరళ రేఖ ఫార్ములా వాడితే ప్రయాణాలు సరిగ్గా 40 శాతం పెరుగుతాయి. ఎక్స్‌పోనెన్షియల్ ఫార్ములా వాడితే 49 శాతం. రెండు చివర్ల సగటు తీసుకునే ఆర్క్ ఫార్ములా వాడితే 133 శాతం. చూడండి, అదే 0.4, అదే చార్జీ, ఫార్ములా ఆకారం మార్చినందుకే 40 నుంచి 133కి వెళ్ళిపోయింది. మిగతా డేటా పని అంతా కలిపినా ఇంత తేడా తీసుకురాదు, అయినా రిపోర్టుల్లో ఎలాస్టిసిటీ విలువ రాస్తారు గానీ ఏ ఫార్ములా వాడారో ఫుట్‌నోట్‌లో కూడా రాయరు.

ఈ ఎలాస్టిసిటీలన్నీ చార్జీ ఐదో పదో శాతం మారినప్పుడు కొలిచినవి, పూర్తిగా తీసేస్తే జరిగేది వేరే. పర్సు తీయక్కర్లేదు, చిల్లర గొడవ లేదు, ఇంట్లో ఎవర్నీ యాభై రూపాయలు అడగక్కర్లేదు, ఈ చివరిది మన దగ్గర చిన్న విషయం కాదు. అందుకే వేరే దేశం ఎలాస్టిసిటీని గుడ్డిగా తేవద్దు, తెలంగాణని వాడండి.

ఇక్కడే ఇందాక చెప్పిన బంగారం. హెచ్‌సీఈఎస్ రెండో రౌండ్ 2023 ఆగస్ట్ నుంచి 2024 జూలై దాకా నడిచింది, మహాలక్ష్మి ఆ మధ్యలో డిసెంబర్‌లో మొదలైంది. అంటే అదే సర్వేలో తెలంగాణలో కొన్ని ఇళ్ళని స్కీమ్ ముందు అడిగారు, కొన్ని ఇళ్ళని తర్వాత అడిగారు, ఆంధ్రలో ఆ టైమ్‌లో ఫ్రీ బస్సే లేదు. డేటాలో ఉండే పానెల్ నంబర్ బట్టి ఏ ఇంటిని ఏ నెలల్లో అడిగారో పట్టుకోవచ్చు. తెలంగాణలో ముందు వెనకల తేడా లోంచి ఆంధ్రలో ముందు వెనకల తేడా తీసేస్తే పండగలు, డీజిల్, పెళ్ళిళ్ళ సీజన్ అన్నీ చాలావరకు కొట్టుకుపోయి స్కీమ్ ప్రభావం మిగులుతుంది. బస్సు ఖర్చు మీద ఒకటి, ఆటో ఖర్చు మీద ఒకటి విడిగా చేయండి. డిసెంబర్‌ని తాకే పానెల్స్‌ని వదిలేయండి, అవి సగం సగం. శాంపిల్ చిన్నది కాబట్టి ఎర్రర్ బార్లు పెద్దగా వస్తాయి, భయపడకండి, వేరే దేశం నుంచి తెచ్చిన ఇరుకు రేంజ్ కంటే మన దగ్గర కొలిచిన వెడల్పు రేంజ్ మేలు.

కానీ ఖర్చు డేటాలో కొత్త ట్రిప్పులు కనపడవు, ఫ్రీ కదా, ఖర్చే లేదు. వాటికి జీరో టికెట్ల లెక్కే గతి, అంటే ఫ్రీగా ఎక్కే ఆడవాళ్ళకి ఇచ్చే సున్నా రూపాయల టికెట్లు. జీరో టికెట్లని మాత్రం పచ్చిగా తీసుకోవద్దు. టికెట్‌కి డబ్బులు పోనప్పుడు మధ్యలో దిగే ఆవిడ కూడా చివరి స్టేజీ చెప్పి టికెట్ తీసుకోవచ్చు, అప్పుడు దూరం ఎక్కువ చూపిస్తుంది. పైగా బిల్లు టికెట్ల లెక్కన వచ్చే ఏ పద్ధతిలోనైనా టికెట్ల సంఖ్య పెరగాలనే ఒత్తిడి ఉంటుంది, ఇది ఎవర్నీ అనుమానించడం కాదు, లెక్క పెట్టే విధానమే అలా ఉంటుంది. కాబట్టి టికెట్లకీ నిజమైన ట్రిప్పులకీ మధ్య ఒక తగ్గింపు శాతం పెట్టుకుని దాన్నీ రేంజ్‌గా ఉంచండి.

కొత్త ట్రిప్పులు ఎక్కడి నుంచి వచ్చాయో కూడా విడగొట్టాలి: షేర్ ఆటో మానేసి వచ్చినవి, నడక మానేసినవి, బైక్ వెనక కూర్చోవడం మానేసినవి, అసలు ఇంతకుముందు లేనే లేనివి. దీనికి లాజిట్ మోడల్ వాడతారు, అంటే ఒక్కో వాహనానికీ ఒక ఆకర్షణ స్కోరు వేసి, దాన్నిబట్టి ట్రిప్పుల్లో దేని వాటా ఎంతో తేల్చే ఫార్ములా. ఉదాహరణకి 100 ట్రిప్పుల్లో 30 బస్సులో వెళ్ళేవి అనుకోండి, చార్జీ పోవడం వల్ల బస్సు ఆకర్షణ స్కోరు 0.6 పెరిగితే బస్సు వాటా 30 నుంచి దాదాపు 44కి వెళ్తుంది, ఎక్సెల్‌లో ఒక్క లైన్ లెక్క. దీని గొప్పతనం వాటా ఎప్పటికీ 100 దాటదు, అనంతం గోల ఉండదు. లోపం ఏంటంటే మొత్తం ట్రిప్పులు పెరగవు, ఉన్నవే వాహనాలు మారతాయి, పుట్టింటికి ఇంకోసారి వెళ్ళొచ్చిన ట్రిప్పు ఇందులో ఉండదు, దానికి ఇంకో ఈక్వేషన్ కలపాలి.

స్టెప్ 7: ఒక బిల్లు, మూడు అంకెలు

ఇది మెల్లగా చదవండి. ఒక చిన్న ఊహా డిపో తీసుకుందాం. ముందు రోజుకి ఆడవాళ్ళు 100 ట్రిప్పులు, టికెట్ 30 రూపాయలు. ఫ్రీ అయ్యాక 180 ట్రిప్పులు. ఆ కొత్త 80లో 60 ఖాళీ సీట్లలో, మిట్టమధ్యాహ్నం బస్సుల్లో, 20 మాత్రం పొద్దున్న ఎనిమిదిన్నర రష్‌లో. రష్‌లో ఒక ట్రిప్పుకి అదనపు బస్సు, డీజిల్, డ్రైవర్, కండక్టర్ అన్నీ కలిపి 50 రూపాయలు పడుతుంది అనుకుందాం, ఖాళీ సీట్లో దాదాపు ఏమీ పడదు.

గవర్నమెంట్ కట్టే బిల్లు 180 ఇంటూ 30, అంటే 5,400. ఆర్టీసీకి నిజంగా పోయిన ఆదాయం 100 ఇంటూ 30, అంటే 3,000. సమాజం నిజంగా కొత్తగా ఖర్చు పెట్టిన వనరులు 20 ఇంటూ 50, అంటే 1,000.

ఇప్పుడు లాభం వైపు. పాత 100 ట్రిప్పులకి 3,000 పూర్తిగా మిగిలింది. కొత్త 80 ట్రిప్పులకి పూర్తి 30 లెక్కేయకూడదు, ఎందుకంటే ఆ ట్రిప్పు ఆవిడకి 30 విలువ ఉండుంటే ముందే డబ్బులు కట్టి వెళ్ళేది, సున్నాకీ 30కీ మధ్యలో ఎక్కడో ఉంటుంది, సగటున సగం వేస్తారు, 80 ఇంటూ 15 అంటే 1,200. ట్రాన్స్‌పోర్ట్ ఎకనామిక్స్‌లో ఈ సగం రూల్ చాలా పాతది. మొత్తం ఆడవాళ్ళకి 4,200. ఆర్టీసీకి పోయిన 3,000 బిల్లులో తిరిగొచ్చింది, కొత్త ట్రిప్పులకి ఇంకో 2,400 వచ్చింది, ఖర్చు 1,000, అంటే మిగులు 1,400. కూడండి: ఆడవాళ్ళు ప్లస్ 4,200, ఆర్టీసీ ప్లస్ 1,400, గవర్నమెంట్ మైనస్ 5,400, నికరం ప్లస్ 200. వేరే దారిలో చెక్ చేసుకోండి, కొత్త ట్రిప్పుల విలువ 1,200 లోంచి వనరుల ఖర్చు 1,000 తీస్తే అదే 200. రెండు దార్లలో ఒకే అంకె రాకపోతే మీ టేబుల్‌లో ఏదో రెండుసార్లు లెక్కపడింది.

ఇప్పుడు ఒక్కటి మార్చండి. ఆ 80 ట్రిప్పులూ ఖాళీ సీట్లలో పడితే నికరం ప్లస్ 1,200. 80కి 80 రష్‌లో పడితే వనరుల ఖర్చు 4,000, నికరం మైనస్ 2,800. బిల్లు మాత్రం రెండు సందర్భాల్లోనూ 5,400 దగ్గర కదలకుండా కూర్చుంటుంది. అందుకే ఏ గంటలో, ఏ రూట్లో జనం పెరిగారు అనే డేటా కోసం కాళ్ళరిగేలా తిరగండి, బిల్లు ఎన్ని కోట్లు అనే దాని మీద రోజులు తగలేయకండి.

ఇంకో మెలిక. ఆంధ్రలో 2020 జనవరి నుంచి ఆర్టీసీ ఉద్యోగులు ప్రభుత్వంలో కలిసిపోయారు, జీతాలు ఖజానా నుంచే. అలాంటప్పుడు ఆర్టీసీ మిగులు 1,400 ఒక జేబులోంచి ఇంకో జేబులోకి వెళ్ళినట్టే, రెండు ఖాతాలూ కలిపి చూస్తే ప్రభుత్వం మీద పడే భారం 5,400 కాదు 4,000. ఆ 4,000 పన్నుల ద్వారా వసూలు చేయడానికీ సమాజానికి ఎంతో కొంత నష్టం ఉంటుంది, రూపాయికి 20 పైసలు అనుకుంటే 800, అప్పుడు మన ప్లస్ 200 కాస్తా మైనస్ 600 అవుతుంది. ఆ 20 పైసలు ఎంత అనే దాని మీద ఎకనామిస్టులే కొట్టుకుంటారు కాబట్టి సున్నా, 20, 40 అని మూడు సీన్లు పెట్టి వదిలేయండి.

సగం రూల్ మీద నాకొక అభ్యంతరం ఉంది, చెప్పేస్తాను. 30 పెట్టి వెళ్ళలేదు కాబట్టి ఆ ట్రిప్పు ఆవిడకి అంత విలువైంది కాదు అని రూల్ అనుకుంటుంది. చేతిలో డబ్బులే లేని మనిషికి ఈ మాట వర్తించదు. కూలి డబ్బులు మొగుడి చేతిలోకి పోయే ఇంట్లో ఆవిడ హాస్పిటల్‌కి వెళ్ళకపోవడం ఆ ట్రిప్పు విలువ తక్కువని కాదు. అందుకని కింది మూడు నాలుగు భాగాల కుటుంబాలకి సగం బదులు పూర్తి విలువ వేసి ఇంకో రన్ చేస్తాను, దాన్ని మెయిన్ టేబుల్‌లో కాకుండా పక్కన వేరే వరసలో పెడతాను, చదివేవాళ్ళకి ఇది నా జడ్జిమెంట్ అని తెలియాలి.

స్టెప్ 8: నష్టపోయేవాళ్ళు

ఆటో డ్రైవర్లు. మోడల్‌లో షేర్ ఆటో నుంచి బస్సుకి మారిన ట్రిప్పులు ఎన్నో స్టెప్ 6లో వచ్చేశాయి, వాటిని సగటు ఆటో చార్జీతో గుణించి, ఆదా అయిన పెట్రోల్, గ్యాస్ తీసేస్తే వాళ్ళ ఆదాయ నష్టం. ఆటో నడిపేవాళ్ళ సంపాదన ఎంతో పీఎల్‌ఎఫ్‌ఎస్‌లో, అంటే కేంద్రం చేసే ఉపాధి సర్వేలో, సొంత ఉపాధి కింద రోడ్డు రవాణా కోడ్ చూస్తే ఒక అంచనా దొరుకుతుంది. ఆంధ్ర ప్రభుత్వం 2025 అక్టోబర్‌లో డ్రైవర్లకి సంవత్సరానికి 15,000 ఇవ్వడం మొదలుపెట్టింది, మీ మోడల్‌లో డ్రైవర్ నష్టం సంవత్సరానికి ఎంత వచ్చిందో ఆ 15,000 పక్కన పెట్టి చూడండి. సగటుతో ఆగొద్దు, బస్సు రూట్ మీద షేర్ ఆటో నడిపేవాడికీ బస్సు రాని ఊరికి ట్రిప్పులు వేసేవాడికీ దెబ్బ ఒకేలా ఉండదు, రెండో వాడికి కొన్నిచోట్ల బేరం పెరగొచ్చు కూడా, బస్టాండ్ దాకా వెళ్ళాలి కదా జనం.

టికెట్ కొని నిలబడి ప్రయాణించే మగవాళ్ళ ఇబ్బంది కూడా ఖర్చే. కొత్త బస్సులు వేయకపోతే పైన వేసిన ఆ 50 రూపాయలు ఎక్కడికీ పోదు, రష్ రూపంలో వాళ్ళ మీద పడుతుంది.

స్టెప్ 9: ఒక అంకె కాదు, రేంజ్

ఇప్పటిదాకా రేంజ్‌గా దాచుకున్నవన్నీ, అంటే ఆడవాళ్ళ వాటా, ట్రిప్పుల పెరుగుదల, ఫార్ములా ఆకారం, రష్ వాటా, జీరో టికెట్ తగ్గింపు, ఆటో నుంచి మారినవాళ్ళు, అన్నిట్లోంచీ యాదృచ్ఛికంగా ఒక్కో విలువ తీసి మోడల్‌ని 5,000 సార్లు నడపండి. మామూలు లాప్‌టాప్‌లో టీ తాగి వచ్చేలోపు అయిపోతుంది. వచ్చిన నికరాల్లో కింద 10 శాతం, పైన 10 శాతం కోసేసి మిగతాది రిపోర్ట్ చేయండి. ఒక జాగ్రత్త, ట్రిప్పులు బాగా పెరిగిన సీన్‌లో రష్ కూడా పెరుగుతుంది, ఈ రెంటినీ విడివిడిగా పాచికలు వేస్తే అసాధ్యమైన కాంబినేషన్లు వస్తాయి, కలిపి కదిలేలా కట్టండి. తర్వాత ఒక్కొక్క అంచనాని మాత్రమే కదిలించి జవాబు ఎంత ఊగుతుందో పెద్ద నుంచి చిన్నకి వరసగా బార్లు గీయండి. ఎక్కువ ఊపేవి రెండు మూడే ఉంటాయి, కొత్త డేటా మీద డబ్బు పెట్టాల్సింది వాటి కోసమే.

స్టెప్ 10: నమ్మొచ్చా లేదా

ఒకప్పుడు శాన్‌ఫ్రాన్సిస్కోలో బార్ట్ అనే మెట్రో రైలు రాకముందు ప్రయాణాల్లో దానికి ఎంత వాటా వస్తుందని అధికారిక అంచనా 15 శాతం. డేనియల్ మెక్‌ఫాడెన్ అనే ఎకనామిస్ట్ టీమ్ ముందే సర్వే చేసి, లాజిట్ కట్టి, 6.3 శాతం అని చెప్పింది. రైలు నడిచాక వచ్చింది 6.2. అంత దగ్గరగా రావడంలో అదృష్టం కూడా ఉందని ఆయనే తర్వాత అన్నారు, 2000లో నోబెల్ వచ్చింది ఆయనకి. ఆ కథలో మనం తీసుకోవాల్సింది, అంచనా రైలు రాకముందే రాసి పెట్టారు, వచ్చాక సర్దలేదు.

మనం కూడా అలాగే చేయొచ్చు. మోడల్‌ని తెలంగాణ 2024 డేటా మీద మాత్రమే ఫిట్ చేయండి, ఆంధ్ర ఆగస్ట్ 2025 తర్వాతి జీరో టికెట్లు చూడకుండా జిల్లావారీగా అంచనా రాసి ఫైల్ లాక్ చేయండి, ఆ తర్వాతే నిజం అంకెలు తెరవండి. మొత్తం రాష్ట్రానికి సరిపోయినా జిల్లాల్లో తేడా పడితే, విశాఖ, విజయవాడల్లో ఎక్కువ చెప్పి రాయలసీమలో తక్కువ చెప్తే, మోడల్‌లో బస్సుల ఫ్రీక్వెన్సీ సరిగ్గా లేదని అర్థం. తప్పులు ఒకదాన్నొకటి కొట్టేసుకుని మొత్తం కరెక్ట్‌గా రావడం చాలా మామూలు, మురిసిపోకండి.

ఇవన్నీ షార్ట్ రన్. ఐదేళ్ళు గడిస్తే ఆడపిల్లలు దూరం కాలేజీలు ఎంచుకుంటారు, పక్క టౌన్‌లో ఉద్యోగం ఒప్పుకుంటారు, స్కూటీ కొనడం వాయిదా వేస్తారు, అప్పుడు ఇవాళ కొలిచిన ఎలాస్టిసిటీ చెల్లదు. రూల్ మారితే మనుషుల పద్ధతే మారిపోతుంది కాబట్టి పాత డేటాలోని సంబంధాల్ని కొత్త రూల్‌కి అంటగట్టొద్దని 1976లో ఎకనామిస్ట్ రాబర్ట్ లూకాస్ చెప్పింది ఇదే. మూడేళ్ళు దాటిన అంచనాని నేనైతే వేరే రంగులో వేస్తాను.

స్టెప్ 11: ఆఫీసర్‌కి ఇచ్చే నోట్

రెండు పేజీలు, అంతకన్నా వద్దు. మొదటి పేజీలో ఒక టేబుల్: వరసల్లో ఆడవాళ్ళు, ఆర్టీసీ, గవర్నమెంట్, ఆటో డ్రైవర్లు, టికెట్ కొనే ప్యాసింజర్లు, కాలమ్స్‌లో తక్కువ, మధ్య, ఎక్కువ. దాని కింద జవాబుని ఎక్కువ ఊపే మూడు అంచనాలు, ఒక్కోదానికి ఒక్కో వాక్యం. రెండో పేజీలో ఆప్షన్లు, ఎందుకంటే సెక్రటరీ స్థాయి మనిషికి స్కీమ్ ఉంచాలా తీసేయాలా అనే చాయిస్ ఉండదు, అది రాజకీయంగా ఎప్పుడో తేలిపోయింది, వాళ్ళ చేతిలో ఉండేది ఏ రూట్లో పొద్దున్న బస్సులు పెంచాలి, బిల్లుని టికెట్ల లెక్కన కట్టాలా లేక కిలోమీటర్ల లెక్కన కట్టాలా, ఆటోవాళ్ళ సాయం అందరికీ సమానంగానా రూట్ బట్టా అనేవి. ఒక్కో ఆప్షన్‌కీ మోడల్ మళ్ళీ నడిపి నికరం ఎంత మారుతుందో ఇవ్వండి. ఉదాహరణకి కిలోమీటర్ల లెక్కన కడితే టికెట్లు పెంచి చూపించే ఒత్తిడి పోతుంది, కానీ ఖాళీ బస్సులు తిప్పే ఒత్తిడి వస్తుంది, మోడల్‌లో ఇది రెండు పారామీటర్ల మార్పు, అంతే.

మీటింగ్‌లో ఒక ప్రశ్న తప్పకుండా వస్తుంది, ఇదంతా సరే ఒక్క అంకె చెప్పు అని. మధ్య అంకె చెప్పండి, దాంతో పాటు అదే ఊపిరిలో రష్ వాటా ఎంత అనుకుని చెప్పారో కూడా చెప్పండి, మినిట్స్‌లో రెండూ కలిసి ఎక్కేలా చూసుకోండి. కోడ్, అంచనాల ఫైల్, డేటా వెర్షన్ మూడూ తేదీ వేసి ఒక ఫోల్డర్‌లో ఫ్రీజ్ చేయండి, ఆరు నెలల తర్వాత కొత్త చార్జీలో, కొత్త బస్సులో వచ్చినప్పుడు అసెంబ్లీలో ప్రశ్న పడుతుంది, అప్పుడు రెండు రోజుల్లో మళ్ళీ నడిపి ఇవ్వాల్సింది మీరే.